తాతయ్య డబుల్ బ్యారెల్‌తో క్లే షూటింగ్ మొదలుపెట్టాలంటే ఏ తూటా కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది విజయవాడ. తాతయ్యగారు పొలం కాపలాకి ఉంచుకున్న 12 బోర్ డబుల్ బ్యారెల్, నాన్నగారి తర్వాత ఈ ఏడాది మీ లైసెన్సు మీదికి వచ్చింది. దాన్ని బీరువాలో ఊరికే ఉంచడం ఇష్టం లేక, హైదరాబాదు వెళ్లి క్లే షూటింగ్, అంటే యంత్రం గాలిలోకి విసిరే 'క్లే' అనే చిన్న పళ్లేన్ని తుపాకితో పగలగొట్టే ఆట, నేర్చుకుందామనుకున్నారు. తూటాల కోసం షాపుకి వెళ్తే 4, 6, 8 నంబర్లు (గుండు సైజులు) చూపించి, "లోడ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, 36 గ్రాములది తీసుకోండి, క్లే తప్పించుకోలేదు" అన్నారు. ఇంతకీ ఏది కొనాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. 36 గ్రాములది కొనకండి (ఈ గ్రాములు తూటాలో ఉండే గుండ్ల మొత్తం బరువు). క్లే మీకు దూరంగా పారిపోయే ట్రాప్ ఆడేట్టయితే 24 గ్రాముల ఏడున్నర నంబరు, క్లే మీ ముందు అడ్డంగా దాటిపోయే స్కీట్ ఆడేట్టయితే 24 గ్రాముల తొమ్మిదో నంబరు. రెండిట్లో ఏది ఆడతారో ఇంకా తేల్చుకోకపోతే 24 గ్రాముల ఎనిమిదో నంబరు తీసుకోండి, రెండిటికీ పనికొస్తుంది. కానీ వీటిలో ఏ ఒక్కటీ కొనకముందే తాతయ్యగారి తుపాకి ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పొడవెంతో తెలుసుకోవాలి. ఆ సంగతి తేలేదాకా ఒక్క తూటా కూడా అందులో పెట్టవద్దు. నంబరు తప్పయితే క్లే పగలదు, అంతే. ఛాంబర్ విషయంలో పొరపాటు జరిగితే పోయేది మీ చెయ్యి.

నాది గుంటూరు. మిర్చి వ్యాపారం. ఇరవై రెండేళ్లుగా ట్రాప్ ఆడుతున్నాను, మధ్యలో మూడు నాలుగేళ్లు స్కీట్ కూడా ఆడాను. నేనూ మీలాగే తెనాలిలో మా అమ్మగారి నాన్న వాడిన తుపాకితోనే మొదలుపెట్టాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఛాంబర్ సంగతి ముందు. 12 బోర్ తుపాకులన్నీ ఒకటి కావు. ఇప్పుడు షాపుల్లో దొరికే క్లే తూటాలు దాదాపు అన్నీ 70 మిల్లీమీటర్లవి. పాత ఇంగ్లీషు తుపాకుల్లో, వాటిని చూసి చేసిన తుపాకుల్లో చాలావాటికి ఛాంబర్ 65 మిల్లీమీటర్లే, అంటే రెండున్నర అంగుళాలు. ఇక్కడే అందరూ పొరబడతారు. తూటా మీద రాసిన 70 అనే అంకె పేలకముందు పొడవు కాదు, పేలి మూతి విచ్చుకున్నాక పొడవు. పేలకముందు దాని మూతి పువ్వులా మడిచి ఉంటుంది కాబట్టి 60 మిల్లీమీటర్లకు అటూఇటుగానే ఉంటుంది. 65 ఛాంబర్‌లో హాయిగా దూరుతుంది, తుపాకి చక్కగా మూసుకుంటుంది. "దూరింది కదా, సరిపోయింది" అనుకుంటాం. ట్రిగ్గర్ నొక్కాక మడత విచ్చుకోవడానికి చోటు చాలక, ఛాంబర్ ముందు సన్నబడే చోట ఇరుక్కుంటుంది. గుండ్లన్నీ ఆ ఇరుకులోంచి దూరి పోవాలి. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కసారికే బ్యారెల్ పగులుతుందని కాదు, కానీ పాత తుపాకి ప్రతి దెబ్బకీ కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఇనుము ఏ రోజు చాలించుకుంటుందో ముందే చెప్పలేం.

నేను రెండు సీజన్లు అలాగే కాల్చాను, తెలియక. ఒక రోజు తుపాకిని శుభ్రం చేయించడానికి తీసుకెళ్తే గన్‌స్మిత్ పెద్దాయన బ్యారెళ్లు విప్పి, కింద చదునుగా ఉండే చోట నూనె గుడ్డతో గట్టిగా రుద్దారు. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు పోయాక, భూతద్దం పెట్టి నన్ను చూడమన్నారు. చిన్న చిన్న ముద్రలు. ఒక కిరీటం బొమ్మ, దాని పక్కన 12, కొంచెం పక్కగా రెండున్నర అని గీతలా అరిగిపోయిన అంకె. తర్వాత బ్యారెళ్లు తగిలించి, తుపాకి మూసి, నా చెవి దగ్గర మెల్లగా ఊపారు. లోపల టక్ టక్ అని సన్నటి చప్పుడు. "ఈ చప్పుడు మీ తాతగారి కాలంలో లేదు బాబూ, మీరు తెచ్చారు" అన్నారాయన. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తుపాకిని మళ్లీ కాల్చలేదు. ఇంట్లో జాగ్రత్తగా దాచుకున్నాం.

కాబట్టి మీరు చేయాల్సింది, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరకు తుపాకి తీసుకెళ్లి మూడు విషయాలు అడగండి. ఛాంబర్ 65నా 70నా? నైట్రో ప్రూఫ్ ముద్ర, అంటే ఇప్పటి పొగలేని మందుని బ్యారెల్ తట్టుకుంటుందని పరీక్షించి వేసిన ముద్ర, ఉందా? బ్యారెల్ లోపల తుప్పు గుంటలు, సొట్టలు ఏమైనా ఉన్నాయా? బాగా పాత ఇంగ్లీషు తుపాకుల మీద ఛాంబర్ పొడవు రాసి ఉండదు, అప్పుడు గేజ్ పెట్టి కొలవాల్సిందే. నైట్రో ముద్ర లేకపోతే అది పాత నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం తుపాకి. ఇప్పటి తూటా ఏదీ అందులో వాడకూడదు. బ్యారెల్ మీద పాము చర్మంలా మెలికల చారలు కనిపిస్తే అది డమాస్కస్ రకం. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, దాన్ని చూసుకోవడానికే ఉంచుకోండి.

ఛాంబర్ 65 అని తేలితే కొందరు "కొంచెం తొలిపిస్తే పోలే" అంటారు. ఆటోనగర్‌లో లేత్ పని ఎంత నున్నగా చేసినా ఇది ఆ పని కాదు. గోడ పలచబడిన బ్యారెల్‌ని మళ్లీ పరీక్షించకుండా వాడటం ప్రమాదం. పైగా లైసెన్సు లేనివాళ్లు ఆయుధం మీద పని చేయడం, చేయించడం రెండూ చట్టం ప్రకారం నేరాలే. 65 మిల్లీమీటర్ల తేలికపాటి తూటాలు ఇంగ్లండులో ఇప్పటికీ తయారవుతాయి కానీ మన దగ్గర దొరకడం కష్టం. అలాంటప్పుడు రేంజ్‌లో కోచ్ దగ్గరున్న తుపాకితో నేర్చుకోవడమే దారి. మీకు బాధగా ఉంటుందని తెలుసు. నాకూ అలాగే అనిపించింది.

సరే, ఛాంబర్ 70, తుపాకి గట్టిదే అనుకుందాం. ఇక తూటా.

షాపులో మీకు చెప్పిన మాట వినడానికి నిజంలాగే ఉంటుంది. లోడ్ పెరిగితే గుండ్లు పెరుగుతాయి, గుండ్లు పెరిగితే తగిలే అవకాశం పెరుగుతుంది. కానీ గుండు సైజు మర్చిపోయారు. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఇంగ్లీషు లెక్కలో 4వ నంబరు గుండు 3.1 మిల్లీమీటర్లు, 6వది 2.6, ఏడున్నర 2.3, 8వది 2.2, 9వది 2 మిల్లీమీటర్లు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే 9వ నంబరు ఆవగింజంత ఉంటుంది, ఏడున్నర సన్న సజ్జగింజంత. తాతలు అడవి పందికి వాడిన ఎల్‌జీ అనే పెద్ద గుండు శనగగింజంత.

ఇప్పుడు లెక్క చూడండి. 36 గ్రాముల 4వ నంబరు తూటాలో పట్టే గుండ్లు దాదాపు 210. 24 గ్రాముల ఏడున్నర నంబరులో 300 పైనే ఉంటాయి. బరువైన తూటాలో గుండ్లు తక్కువ, తేలికైన తూటాలో ఎక్కువ. క్లే పగలడానికి బలమైన గుండు అక్కర్లేదు. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు, తారులాంటి పిచ్, సున్నపురాయి పొడి కలిపి పోసిన పళ్లెం అది. చేతిలోంచి గచ్చు మీద పడితే ముక్కలవుతుంది. దానికి రెండు మూడు గుండ్లు సూటిగా తగిలితే చాలు. ఆ రెండు మూడు గుండ్లు తప్పకుండా దాని మీద పడేలా, గాలిలో గుండ్ల వల చిక్కగా పరచుకోవాలి. పెద్ద గుండ్లతో వల కన్ను పెద్దదవుతుంది. చేప చిన్నదైనప్పుడు పెద్ద కన్ను వల ఎవరూ వేయరు.

ఇంకో సంగతి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల ప్రకారం ట్రాప్‌కైనా స్కీట్‌కైనా గుండ్ల బరువు 24 గ్రాములు దాటకూడదు, కొలతలో తేడాకి అర గ్రాము వెసులుబాటు ఉంది. గుండు 2.6 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే 36 గ్రాముల తూటాతో పోటీలో నిలబడనివ్వరు, 4వ నంబరు ఏ బరువులోనూ కుదరదు. ఒకప్పుడు 32 గ్రాములు ఉండేది, తర్వాత 28, ఆ తర్వాత 24కి తగ్గించారు. తగ్గించినా స్కోర్లు పడిపోలేదు. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచింది ఈ 24 గ్రాముల తూటాతోనే. ఆ స్థాయివాళ్లకు సరిపోయింది మనకు సరిపోదా?

ట్రాప్‌కి ఏడున్నర, స్కీట్‌కి తొమ్మిది ఎందుకంటే, దూరం వల్ల. ట్రాప్‌లో క్లే మీ నిలబడే చోటుకి 15 మీటర్ల ముందు గోతిలోంచి లేచి, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో మీకు దూరంగా పారిపోతుంది. మొదటి దెబ్బ దాన్ని అందుకునేసరికే 30, 35 మీటర్లు. అది తప్పి రెండోది కాలిస్తే 40 దాటుతుంది. చిన్న గుండుకి అంత దూరంలో ఊపు మిగలదు. అందుకే కొంచెం పెద్దది కావాలి. స్కీట్‌లో రెండు ఇళ్లలోంచి (క్లే విసిరే యంత్రాలుండే గదులు) వచ్చే క్లేలు మీ ముందు అడ్డంగా, 20 మీటర్ల లోపలే దాటిపోతాయి. అంత దగ్గర్లో ఆవగింజంత గుండు కూడా పగలగొడుతుంది. 24 గ్రాముల్లో అవి 500 దాకా ఉంటాయి, వల బాగా చిక్కగా వస్తుంది.

మీరు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం చూసి ఈ ఆట మీద ఇష్టం పెంచుకున్నానని రాశారు. మన దేశంలో చాలామంది అలాగే వచ్చారు. ఆయన ఆడింది డబుల్ ట్రాప్, రెండు క్లేలు ఒకేసారి లేస్తాయి. 2016 రియో తర్వాత దాన్ని ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. ఇప్పుడు మీరు నేర్చుకోవాల్సింది ట్రాప్ లేదా స్కీట్.

పెట్టె మీద నంబరు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. నంబర్లు దేశాన్ని బట్టి మారతాయి. ఇంగ్లీషు ఏడున్నర 2.3 మిల్లీమీటర్లయితే, ఇటలీ, అమెరికా ఏడున్నర 2.4. అమెరికా 6వ నంబరు 2.8 దాకా ఉంటుంది, అది పోటీకి పనికిరాదు. మంచి కంపెనీలు పెట్టె మీద మిల్లీమీటర్లు కూడా వేస్తాయి. నంబరు పక్కన పెట్టి మిల్లీమీటర్లే చూడండి: ట్రాప్‌కి 2.3 లేదా 2.4, స్కీట్‌కి 2.

ఇక భుజం. ఇది నేను అందరికంటే ఎక్కువగా చెప్పాలనుకునే విషయం. ఒకే తుపాకిలో 36 గ్రాముల తూటా 24 గ్రాములదానికి దాదాపు రెట్టింపు తంతుంది. పాత డబుల్ బ్యారెళ్లు పొలాల్లో మోసుకు తిరగడానికి చేసినవి కాబట్టి తేలిగ్గా ఉంటాయి, తుపాకి ఎంత తేలికైతే తన్ను అంత ఎక్కువ. తాతయ్యగారు రోజుకు రెండు తూటాలు కాల్చి ఉంటారు. మీరు ట్రాప్‌లో ఒక్క రౌండుకి 25 క్లేలు ఆడతారు, ఒక్కోదానికి రెండు తూటాలు కాల్చవచ్చు. నాలుగు రౌండ్లు ఆడితే సాయంత్రానికి 150 తూటాలు దాటిపోతాయి. ప్రతి దెబ్బా ఒకే చోట.

నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గనిది బెదురు. నాకు ఆ జబ్బు పట్టింది. 32 గ్రాములతో మొదటి మూడు నెలలు ఆడాను. ఎముక పక్కన నేరేడుపండు రంగులో మచ్చ, దాని గురించి గర్వంగానే ఉండేది. స్కోరు మాత్రం 25కి 11, 12 దగ్గర ఆగిపోయింది. ఇంకా బలమైన తూటా కావాలేమో అనుకున్నాను. ఒకరోజు నాతో ఆడే పెద్దాయన, నాకు చెప్పకుండా నా తూటాల్లో ఒక ఉత్త డమ్మీ కలిపి ఇచ్చారు. క్లే లేచింది, ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు. కానీ బ్యారెల్ మూతి మాత్రం పెద్ద గుంటలో బండి చక్రం పడ్డట్టు కిందికి దిగిపోయింది, కళ్లు మూసుకుపోయాయి. వెనక నిలబడ్డ నలుగురూ చూశారు. ప్రతి దెబ్బకీ నేను అలాగే చేస్తున్నాను, పేలుడు చప్పుడులో ఎవరికీ తెలియలేదు, నాకే తెలియలేదు. 24 గ్రాములకు మారాక కూడా ఆ బెదురు పోవడానికి ఏడాది పట్టింది. అందుకే కొత్తవాళ్లకు మొదటి రోజే 24 చెబుతాను. మీ తుపాకికి 21 గ్రాములవి దొరికితే మొదటి నెల అవే ఇంకా మంచిది. ఆడవాళ్లకు, పిల్లలకు నేర్పేవాళ్లు కూడా అవే వాడతారు.

స్పీడు గురించి కూడా షాపుల్లో చాలా చెబుతారు. సెకనుకు 400 మీటర్లది మంచిదా, 415 మీటర్లది మంచిదా? 35 మీటర్ల దూరం దాటడానికి గుండుకి పట్టేది సెకనులో పదో వంతుకి కాస్త పైన. ఆ రెండు తూటాల మధ్య తేడా వల్ల క్లే కదిలే దూరం జానెడులో సగం కూడా ఉండదు. మీ వల వెడల్పు ముప్ఫై అంగుళాలు. కాబట్టి అది మీ తప్పుల్ని దిద్దదు, భుజాన్ని మాత్రం ఇంకొంచెం తంతుంది. 390, 400 చుట్టుపక్కల ఉన్నది తీసుకుని దాన్నే పట్టుకుని ఉండండి. తరచూ తూటా మారిస్తే చేతికి లెక్క కుదరదు.

డబ్బు పెట్టాల్సింది స్పీడు మీద కాదు, గుండు గట్టిదనం మీద. సీసం మెత్తటి లోహం. పేలిన క్షణంలో వెనకున్న గుండ్లు ముందున్నవాటి మీద నలిగి సొట్టలు పడతాయి. సొట్ట పడ్డ గుండు సూటిగా పోదు, పక్కకు జారిపోతుంది. దాన్ని ఆపడానికి సీసంలో కొంచెం ఆంటిమొనీ కలుపుతారు. మంచి ట్రాప్ తూటాల్లో అది 3 నుంచి 5 శాతం ఉంటుంది. స్కీట్‌లో దూరం తక్కువ కాబట్టి అంత పట్టింపు అక్కర్లేదు, మామూలు గుండు చాలు.

ఇది నమ్మకం కుదరాలంటే కాగితం మీద చూడాలి. రేంజ్ వాళ్ల అనుమతి తీసుకుని, నాలుగు అడుగుల చదరం బ్రౌన్ పేపర్‌ను చెక్కకు బిగించి, 35 మీటర్ల నుంచి ఒక్క తూటా కాల్చండి. చిల్లులు చిక్కగా ఉన్న చోటు మధ్యలో పెట్టుకుని ముప్ఫై అంగుళాల వృత్తం గీయండి. నేను రెండు రకాల ఏడున్నర తూటాలు ఇలా పోల్చాను. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంటికి తెచ్చి హాల్లో నేల మీద పరిచి, ఒక పగలని క్లేని కాగితం మీద పెట్టి, మెల్లగా జరుపుతూ పోయాను. మా అమ్మాయి స్కెచ్ పెన్‌తో గుర్తులు పెట్టింది. గట్టి గుండ్ల కాగితం మీద వృత్తంలో ఎక్కడ పెట్టినా క్లే కింద మూడు, నాలుగు చిల్లులున్నాయి. చవక తూటా కాగితం మీద అయిదారు చోట్ల క్లే కింద ఒక్క చిల్లే ఉంది, రెండు చోట్ల అసలు లేదు. ఆ రోజుదాకా "బాగానే గురి పెట్టాను, ఎందుకు పగల్లేదు" అని నేను తల పట్టుకున్న క్లేలు కొన్ని ఆ ఖాళీల్లోంచి దాటిపోయి ఉంటాయి. అన్నీ అని చెప్పను, ఎక్కువ నా తప్పులే.

ఆ కాగితంతోనే మీ తుపాకి చోక్ (బ్యారెల్ మూతి దగ్గరి బిగువు) సంగతి కూడా తెలుస్తుంది. పాత డబుల్ బ్యారెళ్లలో సాధారణంగా కుడిది కొంచెం వదులు, ఎడమది బిగువు. ట్రాప్‌కి అది బాగానే కుదురుతుంది, మొదటి దెబ్బ కుడిది, రెండోది ఎడమది. స్కీట్‌కి మాత్రం మరీ బిగువవుతుంది, 20 మీటర్లలో వల పళ్లెమంతే ఉంటే కొత్తవాళ్లకు తగలదు. అందుకని ఈ తుపాకితోనే ఆడాలంటే ట్రాప్‌తో మొదలుపెట్టండి.

ఇత్తడి అడుగు పొడుగ్గా ఉంటే బలమైన తూటా అనే మాట నమ్మకండి. పాతరోజుల్లో అట్ట తూటాలకి అది అవసరమయ్యేది. ఇప్పుడది అలవాటుగా మిగిలింది, చాలావాటిలో అది ఇత్తడి పూత పూసిన ఇనుమే. మందుకీ గుండ్లకీ మధ్య ఉండే వాడ్ ప్లాస్టిక్‌దైనా ఫైబర్‌దైనా మొదట్లో మీకు తేడా తెలియదు. మన దగ్గర పుణె పక్కన ఖడ్కీలోని ప్రభుత్వ కార్ఖానా చేసే శక్తిమాన్ తూటాలు చాలాకాలంగా దొరుకుతున్నాయి, క్లే కోసమే చేసినవి ఎక్కువగా ఇటలీ, స్పెయిన్, ఇంగ్లండు నుంచి వస్తాయి, ధర బాగా ఎక్కువ. ఏది కొన్నా మొదట ఒక్క పెట్టె కొని, కాగితం మీద చూసి, అప్పుడు మిగతావి కొనండి.

దాచుకోవడం గురించి. మన ఎండలు మీకు తెలుసు. మే నెలలో కారు డిక్కీలో తూటాలు పెట్టుకుని, సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగి, కారుని ఎండలో వదిలేస్తే లోపల ఎంత వేడెక్కుతుందో. మందు వేడెక్కితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, తన్నూ పెరుగుతుంది. కూర్చునే చోట, ఏసీ తగిలేలా, తాళం వేసిన పెట్టెలో పెట్టుకోండి. మిర్చితోపాటు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చా అని మా వాళ్లే ఒకరు అడిగారు. వద్దు. చల్లటి చోటు నుంచి గుంటూరు ఎండలోకి తీస్తే తూటా మీద, దాని అడుగున మందుని అంటించే ప్రైమర్ మీద చెమ్మ పడుతుంది. ఇంట్లో పొడిగా, మామూలు వేడి ఉండే బీరువాలో, సిలికా జెల్ పొట్లం వేసి ఉంచితే చాలు. తుపాకికి పూసే పలచటి నూనె తూటాలకు తగలనివ్వకండి, ప్రైమర్‌లోకి దిగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా స్నేహితుడి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. తుపాకి మేడ మీద ఉంది, తూటాలు కింద ఇనుప బీరువా అడుగు అరలో ఉన్నాయి. ప్లాస్టిక్ కదా ఏమీ కాలేదు, ఎండబెట్టి వాడతానన్నాడు. చేతిలోకి తీసుకుని చూస్తే పైకి కొత్తవాటిలానే ఉన్నాయి, ప్రైమర్ చుట్టూ మాత్రం సన్నగా పచ్చటి చార. వద్దని గట్టిగా చెప్పాను. తడిసిన తూటా పేలకపోతే ఫర్వాలేదు, సగం పేలడమే ప్రమాదం. గుండ్లో వాడో బ్యారెల్ మధ్యలో ఆగిపోతాయి, మీరు చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. అలాంటివి చెత్తలోనో కాలవలోనో పారేయకండి. స్టేషన్‌లో చెప్పి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. ఆయన అలాగే చేశాడు.

అందుకే ఈ మూడూ అలవాటు చేసుకోండి. చప్పుడు తేడాగా, బలహీనంగా వినిపిస్తే ఆపి, తుపాకి విప్పి బ్యారెల్‌లోంచి అవతలి వెలుతురు చూడండి. పేలకపోతే వెంటనే విప్పకుండా, మూతి రేంజ్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. 20 బోర్ తూటా 12 బోర్ తూటాలతో ఒకే జేబులో ఎప్పుడూ ఉండకూడదు. అది 12 బోర్ బ్యారెల్‌లోకి జారి ముందుకెళ్లి ఇరుక్కుంటుంది, వెనకాల 12 బోర్ తూటా కూడా పడుతుంది. అందుకే 20 బోర్‌ని పసుపు రంగులో చేస్తారు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్న తుపాకిని కూడా కాల్చేముందు లోపల చూడండి. ఒకసారి నా బ్యారెల్‌లో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది.

చివరిగా కాగితాలు. మీ లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకున్నారా? ఆంధ్రప్రదేశ్‌కే అని ఉంటే తుపాకితో తెలంగాణలో అడుగుపెట్టకూడదు, ముందు ఏరియా పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. విజయవాడలో అయితే పోలీస్ కమిషనరేట్‌లో, మా గుంటూరులో అయితే కలెక్టరేట్‌లో. ఎన్ని తూటాలు కొనవచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది. పొలం కాపలా కోసం ఇచ్చిన సంఖ్య క్లే ఆటకి రెండు రోజులు కూడా రాదు, రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుని ఆ దారిలో అడగండి. ఇంకొకటి, ఊళ్లో మామిడితోటలో క్లేలు విసిరించుకుని కాల్చుకుందామని ఎవరైనా అంటే వినకండి. ఏడున్నర గుండు కూడా 190 మీటర్ల దాకా పోతుంది, తోట అవతల ఎవరున్నారో మీకు కనిపించదు. లైసెన్సు ఉన్న రేంజ్‌లోనే ఆడాలి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో ట్రాప్, స్కీట్ రెండూ ఉన్నాయి, మనకు అదే దగ్గర. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి. ఆడాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ ముట్టుకోండి, సీసం పొడి వేళ్లకు అంటుకుని ఉంటుంది.

గన్‌స్మిత్ బ్యారెళ్లు విప్పినప్పుడు కింద ఉన్న ముద్రల్ని దగ్గరగా ఫొటో తీయండి. సీరియల్ నంబరు కనిపించకుండా చూసి ఇక్కడ పెట్టండి, ఏ ముద్ర దేనికో చెబుతాను. ఛాంబర్ 70 అని తేలితే, మొదటి పెట్టె ఏది తీసుకోవాలో అప్పుడు మీకు దొరికేవాటిలోంచి చూసి చెప్పుకుందాం.